మన మిరియం ధర ఎక్కడ తేలుతోంది?
స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు – మన కొండ పంటలు – యువత బాధ్యత

(సాంస్కృతిక సభలో యువతను ఉద్దేశించి సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా మోరి, కిరిడి, తుడుం మోగుతుంటే థింసా చూశాం. ఆ సందడి ఇంకా చెవుల్లోనే ఉంది. ఇలాంటప్పుడు సుంకాలు, ఒప్పందాలు అంటూ మొదలుపెడితే మీకు విసుగు రావచ్చు. అయినా ఈ విషయం ఇక్కడే మాట్లాడాలని సంఘంలో అందరం కలిసి అనుకున్నాం. కారణం ఒక్కటే. కొత్తపంట పండుగ చేసుకోవాలంటే ఇంట్లో పంట ఉండాలి. పంట నిలవాలంటే దానికి ధర ఉండాలి. ఆ ధర ఎక్కడ తేలుతోందో మన ఇళ్లలో చాలామందికి తెలియదు. మాకూ చాలాకాలం తెలియలేదు.

సంతలో విన్న మాట

మన పాడేరు మన్యంలో కాఫీ తోటకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్టు మీదికి మిరియం తీగ పాకించడం మీకందరికీ తెలుసు. కాఫీ పండు నవంబరు నుంచి జనవరి దాకా కోస్తాం. అది అయ్యాక వేసవి ముందు మిరియం కోత. నిచ్చెన వేసుకుని, నడుముకు గోనెసంచి కట్టుకుని గెలలు తెంపి, నూర్చి, చాపల మీద ఎండబెడతాం. కాఫీ డబ్బు అప్పులకు పోతే, మిరియం డబ్బు పిల్లల ఫీజులకు, పెళ్లి ఖర్చుకు, ఇంటి రేకులకు అక్కరకొచ్చేది.

2016లో, 2017 మొదట్లో దేశ మార్కెట్లో మిరియం కిలో 600 రూపాయలు దాటింది. మన సంతలో షావుకారు అంతకంటే తక్కువే ఇచ్చాడు. అయినా ఆ ఏడాది మన ఊళ్లలో కొత్త తీగలు నాటని ఇల్లు లేదు. మిరియం తీగ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ తీగలు కాపుకొచ్చే వేళకి దేశ మార్కెట్లో ధర 400 దిగువకు పడిపోయింది. సంతలో తూకం దగ్గర "ఇదేం ధర బాబూ" అని అడిగితే షావుకారు చెప్పిన జవాబు మాలో చాలామందికి ఇప్పటికీ గుర్తుంది. "వియత్నాం సరుకు దిగింది, మేమేం చెయ్యగలం" అన్నాడు.

వియత్నాం ఎక్కడుందో అప్పుడు మా పెద్దవాళ్లకు తెలియదు. ఎవరో పక్క జిల్లా వ్యాపారి అనుకున్నవాళ్లూ ఉన్నారు. నవ్వుకోవడానికి చెప్పడం లేదు. మన సంతలో మన పంట ధరను తేల్చేది ఎవరో మనకు తెలియకపోవడం నవ్వుకునే విషయం కాదు.

సుంకం అంటే గేటు

ముందు మాట అర్థం చేసుకుందాం. విదేశీ సరుకు మన రేవులో దిగినప్పుడు ప్రభుత్వం వేసే పన్ను దిగుమతి సుంకం. అదొక గేటు లాంటిది. గేటు ఎత్తుగా ఉంటే బయటి సరుకు లోపలికి వచ్చేసరికి ఖరీదవుతుంది, ఇక్కడి రైతుకు కాస్త ఊపిరి ఆడుతుంది. గేటు దించితే బయటి సరుకు చౌకగా వస్తుంది, కొనేవాడికి లాభం. రెండు దేశాలో, కొన్ని దేశాలో కూర్చుని "మీ సరుకుకు మేం గేటు దించుతాం, మా సరుకుకు మీరు దించండి" అని రాసుకునేదే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం.

మన మిరియానికి సంబంధించినవి ముఖ్యంగా రెండున్నాయి. మొదటిది శ్రీలంకతో చేసుకున్నది. 1998 డిసెంబరు 28న సంతకాలయ్యాయి, 2000 మార్చి 1 నుంచి అమలైంది. రెండోది ఆసియాన్ దేశాలతో, అంటే వియత్నాం, ఇండోనేసియా, మలేసియా, థాయ్‌లాండ్ వంటి పది దేశాల కూటమితో చేసుకున్నది. 2009 ఆగస్టు 13న సంతకాలయ్యాయి, 2010 జనవరి 1న అమలు మొదలైంది.

ఆసియాన్ ఒప్పందం రాసేటప్పుడు మన దేశం కొన్ని పంటలకు జాగ్రత్త తీసుకుంది. 489 రకాల సరుకులను ఒప్పందానికి బయటే ఉంచింది. వాటిలో వ్యవసాయ సరుకులు చాలా ఉన్నాయి. ముడి పామాయిల్, శుద్ధి చేసిన పామాయిల్, కాఫీ, తేయాకు, మిరియం – ఈ అయిదింటిని ప్రత్యేక సరుకులుగా పెట్టి, సుంకం ఒక్కసారిగా ఎత్తేయకుండా 2019 చివరి దాకా మెల్లగా తగ్గించేలా రాసుకుంది. మిరియానికి 70 శాతం నుంచి 50 శాతానికి. కాఫీకి 100 నుంచి 45కి. ఈ అయిదింటిలో కాఫీ, మిరియం రెండూ మన కొండల మీద పండేవే. మన పేరు తెలియకుండానే మన తోట గురించి బ్యాంకాక్‌లో రాసుకున్నారన్నమాట.

50 శాతం సుంకం అంటే చిన్న గేటు కాదు. మరి ధర ఎందుకు పడిపోయింది? కారణాలు రెండు. ఒకటి, ఆ ఏళ్లలో ప్రపంచమంతటా మిరియం ఎక్కువై ధర దిగింది. రెండోది, ముందు గేటు ఎత్తుగానే ఉన్నా పెరటి గేటు తెరిచి ఉంది. ఆ గేటు శ్రీలంక వైపుది. శ్రీలంకతో ఒప్పందం ప్రకారం ఏటా 2,500 టన్నుల మిరియం సుంకం లేకుండా రావచ్చు. ఆపైన వచ్చేదానికి దక్షిణాసియా దేశాల ఒప్పందం కింద సుంకం 8 శాతమే.

ఒక లెక్క వేసుకుందాం. వియత్నాం మిరియం మన రేవుకు కిలో 300 రూపాయలకు చేరిందనుకోండి. 70 శాతం సుంకం వేస్తే 510 అవుతుంది. 50 శాతం వేస్తే 450. అదే మిరియం శ్రీలంకలో దిగి, అక్కడి సరుకేనని కాగితం పుట్టించుకుని వస్తే 8 శాతంతో 324. సుంకం లేని కోటాలో దూరితే 300. ఒకే గింజకు నాలుగు ధరలు. మొదటి ధర దగ్గర మన రైతు నిలబడగలడు. చివరి ధర దగ్గర కోత కూలి కూడా గిట్టదు.

వియత్నాం మిరియం శ్రీలంక మీదుగా దొడ్డిదారిన వస్తోందని కేరళ, కర్ణాటక రైతు సంఘాలు గొడవ చేశాయి. పత్రికల్లో రాయించాయి, ఎంపీలను కదిలించాయి. 2017 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మిరియానికి కనీస దిగుమతి ధర కిలో 500 రూపాయలు అని నిర్ణయించింది. 2018 మార్చిలో ఆ ధర కంటే తక్కువకు దిగుమతిని నిషేధించింది. ఏ దేశపు సరుకో నిరూపించే బాధ్యతను దిగుమతి చేసుకునేవాడి మీద కూడా పెడుతూ 2020 సెప్టెంబరు 21 నుంచి కస్టమ్స్‌లో కొత్త నిబంధనలు వచ్చాయి.

ఇక్కడ మనం ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ గొడవ చేసినవాళ్లలో మనం లేం. కూర్గు, వయనాడు, ఇడుక్కి రైతులు తమ పంటకు తగిలిన దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కున్నారు, ఏ కాగితం మార్చాలో అడిగారు. మనం షావుకారును తిట్టుకుని ఇంటికొచ్చేశాం. వాళ్లు తెచ్చుకున్న నిబంధన నీడలో మనమూ నిలబడ్డాం.

వియత్నాం రైతు మనకు శత్రువని మాత్రం అనుకోకండి. అక్కడ మిరియం ఎక్కువగా పండేది డాక్ లాక్, గియా లాయ్ వంటి ఎత్తు ప్రాంతాల్లో. అది ఎడే, జరాయ్ వంటి కొండజాతుల నేల. ధర బాగున్న రోజుల్లో అప్పులు చేసి తీగలు నాటి, ధర పడ్డాక కూలిపోయిన ఇళ్లు అక్కడా ఉన్నాయి. వాళ్ల దిగుబడి మన దేశ సగటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మన తీగకు పెద్దగా ఎరువు లేదు, మందు లేదు, నీటి తడి లేదు. అందుకే కిలో ధరలో మనం వాళ్లతో పోటీ పడలేం. దీని సంగతి చివర్లో మళ్లీ చెబుతాం.

నూనె గిన్నెలో పామాయిల్

మన పెద్దవాళ్లు వలిసెల నూనెతో వండుకుని తిన్నారు. అరకు వెళ్లే పర్యాటకులకు వలిసెలు ఫొటో దిగడానికి పసుపు పూలు. మనకది నూనె, తెలగపిండి, తేనెటీగలకు మేత. ఇప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా పామాయిల్ ప్యాకెట్టే కనిపిస్తుంది. ఇదెలా జరిగింది?

1986లో కేంద్రం నూనెగింజల సాంకేతిక మిషన్ పెట్టింది. 1990ల మొదట్లో దేశం తనకు కావలసిన వంటనూనెను దాదాపు తానే పండించుకునే స్థితికి వచ్చింది. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపు తెరిచారు. అప్పుడు సుంకం 65 శాతం. 1998కి దాన్ని 15 శాతానికి దించారు. ఆ తర్వాత సుంకం పెంచడం, దించడం చాలాసార్లు జరిగింది. ఆసియాన్ ఒప్పందంలో ముడి పామాయిల్ సుంకం 80 నుంచి 37.5 శాతానికి, శుద్ధి చేసినదానికి 90 నుంచి 45 శాతానికి దించుతామని రాసుకున్నాం. ఇవాళ దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది.

ఇందులో తప్పంతా ఒప్పందానిదే అనడం సరికాదు. ఒప్పందం అనుమతించిన సుంకం కంటే ఇంకా తక్కువకు మన ప్రభుత్వాలే చాలాసార్లు దించాయి. పట్నాల్లో నూనె ధర పెరిగితే గోల అవుతుంది కాబట్టి గేటు దించుతారు. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద మూల సుంకం 20 శాతానికి పెంచి, 2025 మే చివరలో దాన్ని 10 శాతానికి తగ్గించారు. తొమ్మిది నెలల్లో అటూ ఇటూ. విత్తనం చల్లేటప్పుడు ఉన్న గేటు కోతకొచ్చేసరికి ఉంటుందో లేదో రైతుకు తెలియదు. 2025-26లో వలిసెలకు కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 9,537 రూపాయలు. వినడానికి బాగుంది. కొనేవాడు సంతకు వచ్చి ఆ ధరకు కొంటేనే అది ధర. లేకపోతే కాగితం మీద అంకె.

అగరుబత్తి పుల్ల కథ

ఒప్పందాల దెబ్బ పొలం దగ్గరే ఆగదు. చిన్న పరిశ్రమకూ తగులుతుంది. దేవుడి ముందు వెలిగించే అగరుబత్తిలో మూడు అడవి సరుకులున్నాయి. పుల్ల వెదురుది. జిగురు నరమామిడి బెరడు పొడిది. పొడిలో కలిసే బొగ్గు కూడా చెట్టుదే. ఈ మూడూ మన జనం సేకరించగలిగినవి. పుల్లలు చీరడం, బత్తీలు చుట్టడం ఇళ్లలో ఆడవాళ్లకు పని.

వెదురు పుల్లల మీద సుంకాన్ని 2011లో 30 శాతం నుంచి 10 శాతానికి తగ్గించారు. చైనా, వియత్నాం పుల్లలు ఓడలకొద్దీ దిగాయి.  కొన్నాళ్లకు చుట్టిన ముడి బత్తీలే రావడం మొదలైంది. అడవిలో వెదురున్న దేశం వెదురు పుల్లను కొనుక్కుంది. బత్తీ చుట్టే చేతులకు పని తగ్గింది.

2019 ఆగస్టు 31న ముడి అగరుబత్తి దిగుమతి మీద ఆంక్ష పెట్టారు. వెంటనే పుల్లల దిగుమతి ఇంకా పెరిగింది. నీళ్లు ఒక చోట అడ్డుకడితే ఇంకో చోట గండి పడినట్టు. అప్పుడు 2020 జూన్‌లో పుల్లల మీద సుంకాన్ని 25 శాతం చేశారు. దాంతో కొన్ని చోట్ల చితికిపోయిన పని మళ్లీ మొదలైంది. గేటు ఎక్కడ పెట్టాలో చూసుకుని పెడితే చిన్న పని బతుకుతుందని ఈ కథ చెబుతుంది. అయితే గేటు ఒక్కటే చాలదు. అడవి మీద హక్కు ఉండాలి. వెదురు కొట్టుకోవడానికి వెళ్లినవాడి మీద కేసు పెట్టే రోజులు ఉన్నంతకాలం 25 శాతం సుంకం ఎవరికి లాభం? 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దాని మీద మనకు హక్కు ఇచ్చింది. ఆ హక్కు కాగితం మీ గ్రామసభ దగ్గర ఉందో లేదో ఇంటికెళ్లి అడగండి.

ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు ఫలితాలు

ఒప్పందాలన్నీ చెడ్డవని చెప్పి మిమ్మల్ని పంపించేస్తే అది అబద్ధమవుతుంది. రెండో వైపు కూడా చూద్దాం.

మన ఊళ్ల నుంచి ఎందరో ఆడపిల్లలు అచ్యుతాపురం వంటి చోట్ల వస్త్ర కర్మాగారాల్లో కుట్టుపనికి వెళ్తున్నారు. అక్కడ కుట్టిన బట్టలు విదేశాలకు పోతాయి. 2025 జూలై 24న బ్రిటన్‌తో మన దేశం ఒప్పందం మీద సంతకం చేసింది. దాని ప్రకారం మన బట్టలకు అక్కడ సుంకం పోతుంది. ఆర్డర్లు పెరిగితే మన పిల్లల పని నిలుస్తుంది. ఆ ఒప్పందంలో పాల ఉత్పత్తులు, ఆపిళ్లు, ఓట్లు, వంటనూనెల వంటివాటిని మన దేశం బయటే ఉంచింది. ఇది ఊరికే జరగలేదు. 2019 నవంబరు 4న పదిహేను దేశాల ఆర్‌సెప్ ఒప్పందంలో చేరబోమని మన దేశం బ్యాంకాక్‌లో చెప్పింది. దానికి ముందు పాడి రైతులు దేశమంతటా గట్టిగా అభ్యంతరం చెప్పారు. నోరు విప్పినవాడి సరుకు మినహాయింపు జాబితాలోకి వెళ్తుంది.

ఇప్పుడు పత్తి చూడండి. ఆదిలాబాదు వైపు గోండు, కొలాం అన్నదమ్ములు పత్తి పండిస్తారు. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబరు 29 నుంచి అమలైంది. అందులో ఏటా 51,000 టన్నుల పొడవు పింజ పత్తి సుంకం లేకుండా రావచ్చు. 2025 ఆగస్టు 19 నుంచి అన్ని దేశాల పత్తి మీదా ఉన్న 11 శాతం సుంకాన్ని కేంద్రం ఆపింది, ఆ సడలింపును డిసెంబరు చివరి దాకా పొడిగించింది. సరిగ్గా మన పత్తి చేతికొచ్చే నెలలవి. మిల్లులకు చౌకగా దూది దొరికితే కుట్టుపని చేసే చెల్లికి లాభం. పత్తి పండించే అన్నకు గుండె దడ. ఒకే గడపలో ఇద్దరికి రెండు ఫలితాలు. అందుకే ఎవరైనా వచ్చి "ఒప్పందం మంచిది" అన్నా, "ఒప్పందం చెడ్డది" అన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇది: ఏ సరుకుకు? ఎవరికి? ఎన్నేళ్లకు?

కాఫీకి రాబోయే పరీక్ష

మన కాఫీ సంగతి మిరియానికి భిన్నం. దేశంలో పండే కాఫీలో ఎక్కువ భాగం ఎగుమతికే పోతుంది. కాబట్టి మన గేటు కంటే అవతలివాడి గేటే మనకు ముఖ్యం. ఒకప్పుడు అంతర్జాతీయ కాఫీ ఒప్పందం ఉండేది. ఏ దేశం ఎంత ఎగుమతి చెయ్యాలో కోటాలు రాసుకుని ధరను నిలబెట్టేవారు. 1989 జూలైలో ఆ కోటాలు కూలిపోయాయి. వెంటనే ప్రపంచమంతటా కాఫీ ధర పడిపోయింది. అంటే ధర పడకుండా ఆపిన ఒప్పందం కూడా ఒకటుండేదని మరచిపోకండి. ఒప్పందం ఎవరి కోసం రాశారన్నదే అసలు సంగతి.

ఇప్పుడు అవతలివాడి గేటు సుంకం రూపంలో రావడం లేదు. నిబంధన రూపంలో వస్తోంది. ఐరోపా కూటమి 2023లో ఒక చట్టం చేసింది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీని తమ మార్కెట్లోకి రానివ్వరు. పండిన ప్రతి తోట ఎక్కడుందో ఉపగ్రహ గుర్తులతో చూపాలి. దాని అమలు రెండుసార్లు వాయిదా పడింది, పోలేదు. అడవి మీద మమకారంతో చేసిన చట్టమని అంటారు. చెట్ల నీడలోనే కాఫీ పెంచే మనకు అది మేలే చెయ్యాలి. అయితే నీడలో పెంచామని చూపే కాగితం ఎవరి దగ్గరుంది? అటవీ హక్కు పట్టా లేనివాడు, పట్టా ఉన్నా హద్దులు గీయనివాడు, తాత పేరు మీదే ఉండిపోయినవాడు – వీళ్ల కాఫీ ఎంత మంచిదైనా దళారి "లెక్కలో లేని సరుకు" అని ధర తగ్గిస్తాడు. ఈ దెబ్బ రాకముందే మనం సిద్ధం కావచ్చు. మిరియం విషయంలో ఆ అవకాశం మనకు దొరకలేదు.

మీ చేతిలో ఉన్న పనులు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన పెద్దలకు లేనిది మీకు ఒకటుంది. మీరు చదువుకున్నారు. ఫోను మీ చేతిలో ఉంది. పోటీ పరీక్షల కోసం ఆసియాన్, ఆర్‌సెప్, డబ్ల్యూటీవో అని బట్టీ పడుతున్నారు. ఆ మాటల్లో మీ ఇంటి తోట ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ అయిదు పనులు మీ ముందు పెడుతున్నాం.

మొదటిది. ప్రపంచంలో ప్రతి సరుకుకూ ఒక అంకె ఉంటుంది. కాఫీ 0901, మిరియం 0904. ఏ ఒప్పందంలోనైనా ఈ అంకె పక్కన ఏం రాశారో చూస్తే మన సంగతి తెలిసిపోతుంది. ఒప్పందాల పాఠాలు వాణిజ్య శాఖ వెబ్‌సైటులో ఉంటాయి. ఊరికి ఒకరు చదివి, పంట చేతికి రాకముందే కుయ్యిలోనో కువ్విలోనో, కొండదొర ఇంట్లోనో పోర్జా ఇంట్లోనో అర్థమయ్యే మాటల్లో చెప్పండి.

రెండోది. మీ తోటలకు హద్దు గీయండి. ఫోనుతో నాలుగు మూలల గుర్తులు తీసుకోండి. పట్టా నకలు, తోట గుర్తులు, చెట్ల లెక్క ఒక పుస్తకంలో రాసి గ్రామసభ దగ్గర ఉంచండి. పట్టా లేనివాళ్ల పేర్లు వేరే రాసి ఐ.టి.డి.ఎ. ముందు పెట్టండి. ఈ పనికి డబ్బు అక్కర్లేదు, ఓపిక కావాలి.

మూడోది. కిలో ధరలో వియత్నాంతో పోటీ పడలేమని ఇందాక అన్నాం. మరి దేనిలో పడగలం? రుచిలో, పేరులో. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు మనది. కానీ పచ్చి పండు తెంపి దళారికి పోసేసినంతకాలం ఆ పేరు మీద లాభం ఇంకొకరిది. పండిన పండే కోయడం, పల్పింగు చేయడం, శుభ్రంగా ఆరబెట్టడం, మిరియాన్ని గింజ సైజు ప్రకారం వేరు చేయడం – ఇవి మనం కలిసి చేసుకోగల పనులు. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ ఉంది, రైతు ఉత్పత్తిదారుల సంఘాలున్నాయి. వాటిలో సభ్యులుగా చేరడంతో ఆగకండి. లెక్కలు అడగండి, తూకం దగ్గర నిలబడండి, పాలకవర్గంలోకి రండి.

నాలుగోది. మన దేశంలో ఇలాంటి ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. కేంద్ర మంత్రివర్గం నిర్ణయిస్తే చాలు. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉన్నా, పంట సుంకం మీద రాష్ట్రానికి మాట లేదు. అయిదో షెడ్యూలు ప్రాంతమని మనకు ప్రత్యేక రక్షణలున్నా, మన పంట ధర తేల్చే కాగితం మన గ్రామసభకు రాదు. ఇది మారాలని అడగడం మన హక్కు. మారేలోగా చెయ్యగలిగింది ఒకటుంది. ఒప్పందం చర్చలు నడుస్తున్నప్పుడే గ్రామసభల్లో తీర్మానాలు చేసి మన ఎంపీకి, రాష్ట్ర వ్యవసాయ శాఖకు, కేంద్ర వాణిజ్య శాఖకు పంపాలి. కేరళ రైతులు చేసింది అదే, పాడి రైతులు చేసింది అదే. ఉత్తరం రాసినంత మాత్రాన అన్నీ జరిగిపోవు. రాయకపోతే మాత్రం మనం ఉన్నట్టే వాళ్లకు తెలియదు.

అయిదోది చాలా తేలిక. అమ్ముకునే పంటలతో పాటు తినే పంటలను వదలకండి. చోళ్లు, సామలు, వలిసెలు, కందులు ఇంట్లో ఉంటే మిరియం ధర పడిన ఏడు కూడా పొయ్యి మీద అంబలి ఉడుకుతుంది. తోటంతా ఒకే పంట వేసినవాడిని ఒక్క సంతకం కూల్చేయగలదు. పది పంటలు వేసుకున్నవాడిని కూల్చడానికి పది సంతకాలు కావాలి. మన పెద్దలు కొండ పోడులో పది విత్తనాలు కలిపి చల్లింది తెలియకనా?

ఇంత చెప్పాక మా తప్పు కూడా చెప్పుకోవాలి. మిరియం ధర పడిన ఏడాది సంఘంగా మేము సభలు పెట్టాం, నాట్యాలు చేయించాం, సంచికలు వేశాం. సంతలో జరిగినదాని గురించి ఒక్క పేజీ రాయలేదు. కళ వేరు, పంట వేరు అనుకున్నాం. ఆ ఏడాది ఫీజు కట్టలేక చదువు మానేసి బెంగళూరు, చెన్నై పనులకు వెళ్లిన పిల్లల్లో మోరి ఊదేవాళ్లు, కిరిడి కొట్టేవాళ్లు ఉన్నారు. వాళ్లు వెళ్లాక కొన్ని ఊళ్లలో పండుగ రాత్రి వాద్యం లేక సౌండ్ బాక్సు పెట్టుకున్నారు. అప్పుడు తెలిసింది మాకు, పంట పోతే కళ కూడా దాని వెంటే పోతుందని.

అందుకే ఈసారి సంచికలో పాటల పక్కన ఈ పాఠం కూడా వేస్తున్నాం. మళ్లీ కోతకాలం వస్తుంది. సంతలో తూకం దగ్గర ఎవరో ఒకరు మళ్లీ "బయటి సరుకు దిగింది" అంటారు. అప్పుడు మీలో ఒకరు ముందుకొచ్చి "ఏ దేశంది? ఎంత సుంకంతో వచ్చింది? కాగితం చూపించు" అని అడగాలి. వెంటనే ధర పెరగకపోవచ్చు. కానీ ఆ ప్రశ్న విన్న షావుకారు రెండోసారి మన పెద్దవాళ్లకు ఏదో ఒకటి చెప్పి పంపించలేడు.